2001లో అక్క పేరుతో రాసినవాడు ఎందుకు దొరకలేదు? అప్పటి లాగ్‌లు చూసిన మనిషిగా నా సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2001లో మీ అక్క డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఎవరో ఆమె పేరు, మీ ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు ఒక అమెరికా సైటులో ఎవరైనా వచ్చి రాయగలిగే మెసేజ్ బోర్డులో పెట్టి అసహ్యంగా రాశారు, రాత్రిళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి, మీ నాన్న తిరుపతిలో స్టేషన్ చుట్టూ టెలిఫోన్ ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగినా రాసింది ఎవరో తేలలేదు. నిజంగా కనుక్కోలేకపోయారా, మాలాంటివాళ్ళని పట్టించుకోలేదా, ఇప్పుడైనా తేలుతుందా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడు తేలదు. అప్పట్లో తేలే వీలు ఉండింది, కానీ కొన్ని రోజులు మాత్రమే, మహా అయితే మూడు నాలుగు వారాలు. ఆ లోపల ఎవర్ని ఏం అడగాలో మీ నాన్నకే కాదు, స్టేషన్‌లో కూర్చున్నవాళ్ళకీ తెలీదు, తెలుసుకుని అడిగే సరికి ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగిలేది కాదు. రాసినవాడు మహా తెలివిగా దాక్కున్నాడని మాత్రం అనుకోవద్దు, వాడు అసలు దాక్కుని కూడా ఉండడు. వాడి జాడ నాలుగైదు చోట్ల ముక్కలుగా పడి ఉండింది, ఒక్కో ముక్క ఒక్కొక్కరి దగ్గర, ఎవరికి వాళ్ళు తమ ముక్కని చెత్తతో పాటు ఊడ్చేశారు. అలా ఊడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నా సంగతి రెండు మాటల్లో. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసి 1999 నుంచి మూడేళ్ళు తిరుపతిలోనే ఒక ప్రైవేటు డయలప్ (ఫోన్ లైను మీద డయల్ చేసి నెట్ ఎక్కే) ఇంటర్నెట్ కంపెనీలో టెక్నికల్ సపోర్టు చేశాను. 2002లో అది మానేసి మా ఆయనా నేనూ బాలాజీ కాలనీలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాం, 2011 దాకా నడిపాం. మధ్య మధ్యలో లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు నెట్ ఎక్కారో మిషన్ రాసుకునే లెక్కలు, చదివి చెప్పమని పోలీసులు పిలిచినా, కాలేజీలవాళ్ళు పిలిచినా వెళ్ళేదాన్ని. అంటే ఈ గొలుసులో రెండు చివర్లూ చూశాను.

ముందు సైటు సంగతి. అప్పటి మెసేజ్ బోర్డుల్లో చాలావాటికి పేరు అనే గడిలో ఏం రాసినా చాలు. ఈమెయిల్ అడిగేవి, అది నిజమా కాదా అని చూసేవి కావు. హాట్‌మెయిల్ అనే ఉచిత ఈమెయిల్ 1996లో మొదలైంది, అందులో ఏ పేరు ఏ ఊరు రాసినా అయిదు నిమిషాల్లో అకౌంటు వచ్చేది, దాన్ని తీసుకెళ్ళి బోర్డులో పెడితే అయిపోయె. కొన్ని సైట్లు రాసినవాళ్ళ ఐపీ అడ్రస్, అంటే ఆ క్షణానికి వాళ్ళ నెట్ కనెక్షన్‌కి ఉన్న నంబరు, పట్టి ఉంచేవి, కొన్ని ఉంచేవే కావు. ఉంచిన సైటు అయినా అది కాలిఫోర్నియాలో, మీ నాన్న ఇక్కడ. అమెరికాతో మనకు నేరాల దర్యాప్తులో ఒకరికొకరు సాయం చేసుకునే ఒప్పందం మీద సంతకాలు అయ్యిందే 2001 అక్టోబర్‌లో, అది అమల్లోకి వచ్చేసరికి 2005 అక్టోబర్. దానికి ముందు కోర్టు ద్వారా విదేశీ కోర్టుకి అభ్యర్థన పంపే దారి ఒకటి ఉండేది, పెద్ద పెద్ద కేసులకే అది ఏళ్ళు పట్టేది, ఒక ఇంటి ఫోన్ నంబరు కోసం ఆ దారిలో పోయేవాళ్ళు ఎవరు.

మనకే ఇలా జరిగిందని అనుకోకండి. అమెరికాలో 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది చనిపోయారు. వారం తిరక్కముందే ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ బోర్డులో ఎవరో ఆ చావుల్ని ఎగతాళి చేసే టీషర్టులు అమ్ముతామని ప్రకటన పెట్టి, కావాల్సినవాళ్ళు ఫోన్ చేయండి అని సియాటిల్‌లో ఒకాయన నంబరు ఇచ్చారు. ఆయనకి దాంతో ఏ సంబంధమూ లేదు. ఆ నంబరు మీదే ఆయన వ్యాపారం, మార్చుకోలేడు, ఒక దశలో రెండు నిమిషాలకొక తిట్టు ఫోన్. కంపెనీ అక్కడే, కోర్టులు అక్కడే, పోలీసులు అక్కడే, ఆయన 1997లో పైకోర్టు దాకా వెళ్ళాడు, కంపెనీ మీద కేసు ఓడిపోయాడు. ఆ ప్రకటన రాసింది ఎవరో ఈరోజుకీ తెలీదు. ఆయన పేరు మీద జెరాన్ కేసు అని న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. మీ ప్రశ్న చదివిన వెంటనే నాకు గుర్తొచ్చింది ఇదే, మీ ఇంట్లో జరిగింది అచ్చం ఇదే కాబట్టి. అంత దగ్గర ఉన్నవాళ్ళకే తేలనిది మీ నాన్నకి తేలలేదు.

రెండోది మా చోటు, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. ఇది నాకు బాగా తెలిసినది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మా ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. లోపలి ఏసీ గదిలో ఒక ర్యాకు, దాంట్లో మోడెమ్‌ల పెట్టె, దానికి టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి ఒక పీఆర్ఐ లైను. ఒక పీఆర్ఐ అంటే ఒకేసారి 30 కాల్స్. ఊర్లో మాకు వందల్లో కస్టమర్లు ఉన్నా ఆ క్షణానికి 30 మందికే చోటు, వాళ్ళకి పంచడానికి 30 ఐపీ అడ్రస్‌లు. ఒకరి లైను తెగితే ఆ అడ్రస్ తర్వాత డయల్ చేసినవాళ్ళకి పోతుంది. లైను తెగడం ఎంత మామూలో ఆ రోజులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వానొస్తే ఇంకా జాస్తి. సాయంత్రం ఏడు నుంచి పది మధ్యలో ఒక్కో అడ్రస్ గంటకి నలుగురైదుగురి చేతులు మారేది. కాబట్టి ఫలానా ఐపీ అంటే ఫలానా మనిషి అనేది అప్పుడు లేదు. ఫలానా ఐపీ, ఫలానా తేదీ, ఫలానా నిమిషం, సెకన్లతో సహా చెప్తేనే దానికి అర్థం.

ఎవరు ఎప్పుడు ఎక్కారు ఎప్పుడు దిగారు అనేది ఒక ఫైల్లో పడేది. యూజర్ నేమ్, మొదలైన టైము, ముగిసిన టైము, ఇచ్చిన అడ్రస్, ఏ ఫోను నుంచి కాల్ వచ్చిందో ఆ నంబరు. దాన్ని ఉంచుకున్నది ఎవర్నో పట్టుకోవడానికి కాదు, గంటల లెక్క తేల్చి బిల్లు వేసుకోవడానికి. నెలాఖరుకి లెక్క తేలిపోతే కంపెనీకి ఆ ఫైలుతో పని అయిపోయినట్టే. మా సర్వర్లో 4 జీబీ డిస్కు, అది నిండితే ఎక్కడం దిగడం మొత్తం ఆగిపోతుంది, ఫోన్లు మొదలవుతాయి, అందుకని నెల మొదటి వారంలో పాత నెల ఫైళ్ళు తీసేసే పని నాది. మూడేళ్ళు చేశాను. వాటిలో ఎవరి ఇంటి గొడవ ఉందో నాకేం తెలుసు, ఎవరూ ఉంచమని చెప్పలేదు. ఇలాంటి డేటా దాచి ఉంచాలనే 67సీ సెక్షన్ మన ఐటీ చట్టంలోకి వచ్చిందే 2008 సవరణతో, అమలు 2009 అక్టోబర్ 27 నుంచి. మీ నాన్న తిరిగిన ఏడాదికి అది ఎనిమిదేళ్ళు దూరం.

ఇంకొకటి, కరెంటు. కోత పడి యూపీఎస్ బ్యాటరీలు కూడా చేతులెత్తేస్తే ముగిసిన టైము రాయకుండానే మిషన్ పడిపోయేది. లాగ్‌లో చూస్తే ఆ మనిషి ఇంకా లైన్లో ఉన్నట్టే ఉంటాడు, అదే అడ్రస్ మీద ఇంకో ఇద్దరు కూడా ఉన్నట్టు ఉంటారు.

టైము ఎంత పని చేసిందో ఒక్క కేసు చెప్తాను. 2001లో ఒక కాలేజీ కరస్పాండెంట్ మీద ఎవరో ఒక సైట్లో ఘోరంగా రాశారు. ఆశ్చర్యంగా ఆ సైటువాళ్ళు మెయిల్‌కి జవాబిచ్చి ఐపీ, టైము పంపారు, ఆ అడ్రస్ మాదే. ఎస్సైగారి లెటర్‌తో కరస్పాండెంట్‌గారూ, ఒక కానిస్టేబులూ మా ఆఫీసుకి వచ్చారు. కాగితం మీద ఉన్నది ఇంతే: 08/09/2001, 07:45:10. ఏ దేశం టైమో లేదు. తేదీ మన లెక్కన సెప్టెంబర్ 8, అమెరికా లెక్కన ఆగస్టు 9. టైము గ్రీనిచ్‌ది అయితే మనకి మధ్యాహ్నం 1:15. కాలిఫోర్నియాది అయితే ఎండాకాలంలో వాళ్ళు గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు కాబట్టి మనకి రాత్రి 8:15, ఆ సంగతి తెలియక లెక్కేస్తే 9:15. రెండు తేదీలు, మూడు టైములు, మొత్తం ఆరు లెక్కలు. దాని మీద మా సర్వర్ గడియారం పదకొండు నిమిషాలు ముందు నడుస్తా ఉండేది, అదీ లెక్కలో చూసుకోవాల. మా అదృష్టం కొద్దీ ఆగస్టు ఫైలు ఇంకా తీసేయలేదు. ఆరు చోట్ల చూశాను, ఆరుచోట్లా వేరే వేరే అకౌంట్లు. ఒకటి డాక్టరుగారి క్లినిక్కు, ఒకటి పదో తరగతి చదివే పిల్లవాడి ఇల్లు, ఒకటి అదే కాలేజీ నుంచి మానేసి పోయిన ఒక లెక్చరర్‌ది.

కరస్పాండెంట్‌గారు ఆ లెక్చరర్ పేరు మీద వేలు పెట్టారు. "ఇంకేం చూసేది మేడం, వీడే. నాకు ముందునుంచే తెలుసు." నేను ఆరింటిలో అది ఒకటి మాత్రమే సార్, ఏ టైమో సైటువాళ్ళని మళ్ళీ అడగండి అన్నాను. ఆయనకి కోపం వచ్చింది, మీ కస్టమర్లని మీరు కాపాడుకుంటా ఉన్నారు అన్నాడు. నేను ఆ ఆరు లైన్లూ ప్రింటు తీసి, పక్కన ఏ లెక్కకి ఏది వస్తుందో రాసి కానిస్టేబుల్ చేతికిచ్చి, ఫైలు ఒక ఫ్లాపీలో ఎక్కించి బీరువాలో పెట్టాను. మూడు వారాలకి జవాబు వచ్చింది, ఆగస్టు 9, గ్రీనిచ్ టైము. అంటే మధ్యాహ్నం 1:15. ఆ టైముకి ఆ అడ్రస్ ఉన్నది తిలక్ రోడ్డు వైపు ఒక ఇంటర్నెట్ సెంటర్‌ది. లెక్చరర్‌కి సంబంధమే లేదు. ఆ మూడు వారాల్లో ఆయన్ని రెండుసార్లు స్టేషన్‌కి పిలిపించారని తర్వాత తెలిసింది. ఇంటర్నెట్ సెంటర్ దగ్గర జాడ తెగిపోయింది.

అలా ఎందుకు తెగిపోయేదో నా సొంత సెంటర్ పెట్టాక అర్థమైంది.

మా సెంటర్లో 9 సిస్టమ్‌లు, ఒక్క కనెక్షన్. బయటి లోకానికి తొమ్మిదికీ కలిపి ఒక్కటే అడ్రస్ కనిపిస్తుంది, లోపల ఏ సిస్టమ్ నుంచి ఏది పోయిందో రాసిపెట్టే ఏర్పాటు ఆ షేరింగ్ సాఫ్ట్‌వేర్లలో అప్పట్లో ఎవరూ ఆన్ చేసేవాళ్ళు కాదు, స్లో అవుతుందని. విండోస్ 98లో లాగిన్ అంటే ఎస్కేప్ నొక్కితే పోయే డబ్బా. వైరస్‌ల బాధకి ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిది సిస్టమ్‌లకీ ఘోస్ట్ వేసేవాళ్ళం, అంటే డిస్కు మొత్తం తుడిచి మొదట్లో ఉన్నట్టు చేసేయడం. సోమవారం పొద్దున పోలీసులు వచ్చి హార్డ్ డిస్కు చూస్తామంటే ఏముంటుంది అందులో.

రిజిస్టరు ఉండేది, పొడుగాటి లెడ్జరు పుస్తకం, దారానికి కట్టిన పెన్ను. టైము ఇన్, టైము అవుట్, పేరు, సిస్టమ్ నంబరు, డబ్బులు. మేం దాన్ని పెట్టింది అరగంటకి పది రూపాయలు సరిగా వసూలవుతున్నాయా లేదా అని. పేరు దగ్గర చిరంజీవి అని, బాలకృష్ణ అని, సచిన్ అని రాసిపోయేవాళ్ళు, కొందరు ఒట్టి గీత గీసేవాళ్ళు. కొండకి వచ్చిన యాత్రికులు రైలు టికెట్ చూసుకోవడానికి వచ్చి పోయేవాళ్ళు, వాళ్ళు రాత్రికి మద్రాసులోనో షోలాపూర్‌లోనో ఉంటారు. మన ఊరికి రోజూ వేలమంది కొత్తవాళ్ళు వచ్చి పోతారు కదా, మొహం గుర్తుపట్టే పని ఇక్కడ ఇంకా కష్టం. ఐడీ కార్డు చూడాలి, రిజిస్టరు ఏడాది దాచాలి, క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు అనే కేంద్ర నిబంధనలు వచ్చింది 2011 ఏప్రిల్‌లో. అప్పటికి జనం ఇంట్లోనే నెట్ పెట్టుకుంటున్నారు, మేమే ఆ ఏడాది మూసేశాం.

పోలీసులు పట్టించుకోలేదా అని అడిగారు. కొందరు పట్టించుకోలేదు, అది నిజమే, ఆడపిల్ల పేరు బయటికొస్తుంది వదిలేయండి అని పెద్దమనుషుల్లాగా మాట్లాడి పంపేసినవాళ్ళని చూశాను, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ చట్టం కూడా వాళ్ళ చేతిలో సరిగా లేదు. ఐటీ చట్టం 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది, దాని 78వ సెక్షన్ ప్రకారం ఈ కేసులు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. మీ నాన్న కలిసిన ఎస్సైకి ఆ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారమే లేదు. ఇన్‌స్పెక్టర్ చేయొచ్చు అని మార్చింది 2009లో అమలైన సవరణే. వేరేవాళ్ళలాగా నటించి మోసం చేయడం, వేరేవాళ్ళ గుర్తింపు వాడుకోవడం నేరాలని 66సీ, 66డీ పెట్టింది కూడా అప్పుడే. 2001లో ఉన్నది అశ్లీలం మీద 67వ సెక్షన్, ఇంకా పాత ఐపీసీ సెక్షన్లు.

మరి ఎవరూ దొరకలేదా అంటే దొరికారు. 2004లో చెన్నై కేసు చాలామందికి తెలుసు. విడాకులు తీసుకున్న ఒకామె గురించి యాహూ గ్రూపుల్లో అసహ్యంగా రాసి, ఆమె పేరుతో దొంగ మెయిల్ ఐడీ తెరిచి నడిపారు, ఆమెకి మీ అక్కకి వచ్చినట్టే ఫోన్లు. ఫిబ్రవరిలో ఫిర్యాదు ఇచ్చింది, కొద్దిరోజుల్లోనే చెన్నై పోలీసులు ముంబైలో పట్టుకున్నారు, నవంబర్ 5న శిక్ష పడింది. 67వ సెక్షన్ కింద మన దేశంలో శిక్ష పడిన మొదటి కేసుగా దాన్ని చెప్తారు. అక్కడ కలిసొచ్చినవి రెండు. ఒకటి, ఫిర్యాదు ఆలస్యం కాలేదు, నెట్ సెంటర్లవాళ్ళు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. రెండోది, వాడు ఆమె కుటుంబానికి తెలిసినవాడే, ఆమెని పెళ్ళి చేసుకోవాలని వెంటపడినవాడు.

ఆ రెండోదే అసలు విషయం. నేను చూసినవాటిలో తేలినవి దాదాపు అన్నీ మనిషి వైపు నుంచి తేలినవే, మిషన్ వైపు నుంచి కాదు. ఆకాశరామన్న ఉత్తరాలు మనకి కొత్తా? ఊర్లో పెళ్ళి సంబంధం కుదిరితే చాలు ఒక కార్డు ముక్క వచ్చేది. దాన్ని పట్టుకున్నది పోస్టాఫీసు ముద్ర చూసి కాదు, చేతిరాత చూసి, ఈ సంగతి ఎవరికి తెలుసు అని ఇంట్లో కూర్చుని లెక్కేసి.

2004లోనే మా సెంటర్‌కి దగ్గర్లో ఉండే ఒకామె కూతురికి చిత్తూరు సంబంధం కుదిరింది. అబ్బాయివాళ్ళకి వరసగా మెయిల్స్, పిల్ల మీద చెడ్డ మాటలు. అవి నా దగ్గరికి పట్టుకొచ్చారు. హాట్‌మెయిల్ నుంచి వచ్చినవి, ఆ రోజుల్లో మెయిల్ హెడర్ (మెయిల్‌తో పాటు దాగి వచ్చే దారి వివరాలు) తెరిస్తే పంపినవాళ్ళ ఐపీ అందులోనే కనబడేది, ఇప్పటి జీమెయిల్లో అది కనబడదు. చూస్తే ఆర్టీసీ బస్టాండు దగ్గరి ఒక నెట్ సెంటర్, అక్కడ రిజిస్టరు లేదు. కానీ అయిదు మెయిల్సూ శనివారాలే, సాయంత్రం నాలుగూ అయిదు మధ్యలో. నేను మెయిల్స్ ప్రింటు తీసి ఆమెతో పాటు కూర్చుని చదివాను. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ప్రతి వాక్యం చివర మూడు చుక్కలు, చుక్కకి చుక్కకి మధ్య ఒక ఖాళీ. ఒకచోట పిల్లకి ఇంటర్‌లో కామెర్లు వచ్చి పరీక్ష రాయలేదని ఉంది. ఆమె అక్కడ ఆగిపోయింది. "అది మేం ఎవరికీ చెప్పలేదు మేడం. మార్కులు తక్కువొచ్చాయని చెప్పినాం గానీ జబ్బు సంగతి చెప్పలేదు." తెలిసింది నలుగురికి. ఆ నలుగురిలో శనివారం శనివారం సరుకుకి తిరుపతి వచ్చి సాయంత్రం బస్సెక్కి పోయేవాడు ఒకడు. వాడు పంపిన పాత మెయిల్ ఒకటి తీసి చూస్తే అదే మూడు చుక్కలు, అదే ఖాళీలు. పెద్దవాళ్ళు కూర్చోబెట్టి అడిగితే ఒప్పుకున్నాడు. ఐపీ అడ్రస్ చేసిన పని ఏమిటంటే ఊరు, రోజు, పూట చెప్పింది. పేరు చెప్పింది కామెర్లు.

ఇది చదివి మీరు ఇప్పుడు మీ చుట్టాల జాబితా రాసుకోవడం మొదలుపెడతారేమో, అందుకని రెండోవైపు కూడా చెప్పాలి. మా కంపెనీ రోజుల్లో గాంధీ రోడ్డులో బట్టల షాపు ఆయన అకౌంటు నుంచి బెదిరింపు మెయిల్ ఒకటి పోయింది. యూజర్ నేమ్ ఆయనదే, సందేహం లేదు, పోలీసులు నేరుగా షాపుకి పోయారు, జనం చూశారు. ఆయన పాస్‌వర్డ్ గుమాస్తాకి తెలుసు, కొడుక్కి తెలుసు, కొడుకు స్నేహితులకి తెలుసు, 100 గంటల ప్యాకు కొంటే అందరూ పంచుకోవడం అప్పటి అలవాటు. లాగ్‌లో కాల్ వచ్చిన ఫోను నంబరు ఉండబట్టి సరిపోయింది, అది బైరాగిపట్టెడలో ఇంకో ఇల్లు. మాది పీఆర్ఐ లైను కాబట్టి ఆ నంబరు పడింది, మామూలు ఫోన్ లైన్ల మీద మోడెమ్‌లు పెట్టి నడిపిన చోట్ల అది పడేదే కాదు, అక్కడైతే ఆయనే దోషి అయిపోయుండేవాడు. నాలుగు రోజులు షాపు తీయలేదు పాపం.

2007లో ఇంతకంటే ఘోరం జరిగింది. ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ అనే సైట్లో శివాజీ మహారాజ్‌ని అవమానిస్తూ ఎవరో బొమ్మ పెట్టారు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఐపీ వివరాలు పట్టుకుని పుణే పోలీసులు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఆ వివరాలు తప్పు. 50 రోజులు జైల్లో ఉన్నాక బయటికొచ్చాడు. కాబట్టి ఎవరో ఒకరి పేరు తేలింది కదా అని సంబరపడే విషయం కాదు ఇది, సరైన పేరు తేలాల.

నిజంగా తెలివిగా దాక్కునేవాళ్ళు ఉండేవాళ్ళా అంటే ఉండేవాళ్ళు. ఫిన్లాండ్‌లో యోహాన్ హెల్సింగియస్ అనే ఆయన 1993 నుంచి ఒక సర్వర్ నడిపాడు, మనం పంపే మెయిల్ నుంచి పేరు తీసేసి ఒక నంబరు తగిలించి ముందుకి పంపేది. దాన్ని లక్షల మంది వాడారు, అందులో వేధింపులకి గురైనవాళ్ళు, జబ్బుల గురించి బయటికి చెప్పుకోలేనివాళ్ళు చాలామంది. 1995లో పోలీసులు వచ్చి ఒకరి వివరాలు ఇవ్వక తప్పని పరిస్థితి తెచ్చాక, 1996 ఆగస్టులో ఆయన దాన్ని మూసేశాడు. పేరు లేకుండా రాయడం అనేది అంతటా చెడ్డది కాదని చెప్పడానికి ఇది చెప్తున్నా. మన ఊర్లో కేసుల్లో అలాంటివి వాడినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. అందరూ మామూలు నెట్ సెంటర్లో కూర్చుని మామూలుగా టైపు చేసి పోయినవాళ్ళే.

ఇప్పుడు ఎవరికైనా ఇలా జరిగితే పరిస్థితి అప్పటికంటే చాలా నయం, కానీ తేలిక కాదు. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022లో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశం ఉంది. మొబైల్ నెట్‌లో మళ్ళీ మా నెట్ సెంటర్ కథే పెద్ద ఎత్తున నడుస్తోంది, ఒక్క ఐపీ వెనక వందలమంది ఉంటారు, పోర్టు నంబరూ (ఒకే ఐపీ వెనకున్నవాళ్ళని విడదీసే నంబరు) సెకన్లూ లేకపోతే ఎవరో తేలదు. అందుకని ఒట్టి స్క్రీన్‌షాట్‌తో ఆగొద్దు, పేజీ పూర్తి అడ్రస్, ఖాతా లింకు, చూసిన తేదీ, టైము అన్నీ రాసిపెట్టుకుని, ఆ పేజీని సేవ్ చేసుకుని, అదే రోజు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాల. సైటు నుంచి తీయించే ముందు ఇవన్నీ అయిపోవాల, పరువు పోతుందని ముందు తీయించేసి ఆధారం పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

మీ విషయానికొస్తే, ఆ బోర్డు ఇప్పుడు ఉండే అవకాశం దాదాపు లేదు. జనం ఉచితంగా పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో పోయింది, ఆర్కుట్ 2014లో పోయింది, యాహూ గ్రూపులు 2020లో పోయాయి. మా కంపెనీ లాగ్‌లు ఎప్పుడో పోయాయి, ఆ రోజుల నెట్ సెంటర్లు ఇప్పుడు జిరాక్స్ షాపులో మొబైల్ షాపులో అయిపోయాయి. మీ నాన్న చేసిన తప్పు ఏదీ లేదు, ఆయన అడగాల్సిన చోటే అడిగారు, ఆ చోట అప్పటికి ఏమీ మిగల్లేదు. ఇది మీ ఇంట్లో ఆయనకి ఎవరైనా చెప్పాల్సిన మాట, ఆయన ఉంటే దయచేసి చెప్పండి.

మీరు రాసినదాంట్లో ఒక్క మాట నాకు పట్టుకుంది, నాన్న ఆ పేజీ ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకున్నారని. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తీసిన ప్రింటు అయితే కాగితం కింద అంచున సన్న అక్షరాల్లో పేజీ అడ్రస్, ప్రింటు తీసిన తేదీ ఉంటాయి. పోస్టు పెట్టిన టైము పైన ఉండొచ్చు, పైన చెప్పిన లెక్క ప్రకారం మన టైములోకి మార్చుకోండి. మనిషి పేరు చెప్పదు అది, ఏ రోజు ఏ పూట అనేది చెప్తుంది. రాతలో మీ అక్క గురించి బయటివాళ్ళకి తెలియని సంగతి ఏదైనా ఉందేమో ఆమే చెప్పగలదు, మీరు కాదు. కాబట్టి ఆ ఫైలు తీసే ముందు అక్కని అడగండి. వద్దు అంటే అక్కడితో వదిలేయండి. చూద్దాం అంటే ఆమె పక్కన కూర్చుని చదవండి, ఆ కాగితం ఫొటో మాత్రం ఇక్కడ పెట్టొద్దు, అందులో మీ నంబరు ఉంటుంది.